బొమ్మల పత్రికల కథ – 6: సబ్బు బిళ్ళ, మాత్రల డబ్బా, ఒక హకారం

పోయిన భాగం చార్లెస్ నైట్ నడిపిన 'పెన్నీ మ్యాగజైన్' మూతపడడంతో ఆగింది. 1832లో పుట్టి, ఒక దశలో వారానికి రెండు లక్షల ప్రతులు అమ్ముడుపోయిన ఆ పత్రిక 1845లో ఆగిపోయింది. జంతువుల గురించీ పాత కట్టడాల గురించీ చెక్క అచ్చు బొమ్మలతో సామాన్యుడికి పాఠం చెప్పడమే దాని వ్రతం. వార్త వేస్తే స్టాంపు పన్ను కట్టాలి కాబట్టి వార్తల జోలికి పోలేదు. నవ్వించడం తమ పని కాదనుకున్నారు దాన్ని నడిపిన పెద్దలు. పత్రిక పోయినా అది రుజువు చేసిన సంగతి ఒకటి మిగిలింది: బొమ్మ ఉంటే జనం డబ్బిచ్చి కొంటారు.

ఆ సంగతిని అందిపుచ్చుకున్న రెండు పత్రికలు అది బతికుండగానే లండన్‌లో బయల్దేరాయి. 1841 జులై 17న 'పంచ్', మరుసటి ఏడు మే 14న 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్'. ఒకటి నవ్వు అమ్మింది, ఇంకొకటి వార్త అమ్మింది. రెండింటి వెనకా మూడో సరుకు ఒకటి ఉంది, అదే ప్రకటన. ఎవరి మాట వింటే ఎవరికి నవ్వొస్తుంది, ఆ నవ్వుకీ సబ్బు అమ్మకానికీ సంబంధమేమిటి అన్నదే ఈ భాగం కథ.

మాత్రల డబ్బుతో పత్రిక

హెర్బర్ట్ ఇంగ్రామ్‌ది లింకన్‌షైర్‌లోని బోస్టన్. పెద్ద చదువేమీ లేదు. నాటింగ్‌హామ్‌లో చిన్న ప్రెస్సు పెట్టుకుని, దాంతోపాటే పత్రికల ఏజెన్సీ నడిపాడు. ఒకే ఒక్క ఖాతాదారుకి పత్రిక అందించడానికి ఐదు మైళ్ళు నడిచి వెళ్ళేవాడని అతని గురించి చెప్పుకునేవారు. అంగడిలో నిలబడి అతను రెండు విషయాలు గమనించాడు. వచ్చినవాళ్ళు చాలామంది పత్రిక పేరు చెప్పరు, 'లండన్ వార్తలు' ఇమ్మంటారు. ఏ వారం పత్రికలో హత్య గురించో, మరో సంచలనం గురించో బొమ్మ పడితే ఆ వారం తెచ్చిన కట్టలు చూస్తుండగానే అయిపోతాయి.

అతని దగ్గర ఇంకో సరుకు కూడా ఉంది: 'పార్స్ లైఫ్ పిల్స్' అనే మాత్రలు. థామస్ పార్ అనే రైతు 152 ఏళ్ళు బతికాడని ఇంగ్లండ్‌లో పాత నమ్మకం. 1635లో ఆయన పోతే రాజుల పక్కన వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పూడ్చారు. ఆ ముసలాయన ఆయుష్షు రహస్యం తమ చేతికి చిక్కిందని చెప్పి, సర్వరోగ నివారిణిగా ఈ మాత్రలు అమ్మేవాళ్ళు. మాత్రలు బాగానే పోతున్నాయి. వాటి గురించి దేశమంతా చాటడానికి సొంత పత్రిక ఒకటి ఉంటే బాగుంటుందని ఇంగ్రామ్ లెక్క వేసుకున్నాడు. మాత్రల లాభంతో లండన్ చేరి పత్రిక పెట్టాడు. నేరాలూ ఘోరాలతో నింపుదామని అతని మొదటి ఆలోచన. హెన్రీ విజెటెలీ అనే చెక్క అచ్చు నిపుణుడు వారించి, ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ కూడా చూడదగ్గ పత్రికగా మలచమని నచ్చజెప్పాడు. పత్రిక బతికి బట్టకట్టింది ఈ సలహా వల్లే.

తెలుగు పాఠకులకు ఇక్కడ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తుకు రాక మానరు. 1893లో బొంబాయిలో అమృతాంజనం, 1908లో అదే బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసులో దినపత్రిక. మందు డబ్బు పత్రికకు ప్రాణం పోయడం రెండు చోట్లా జరిగింది. కానీ ఇంగ్రామ్‌కి మాత్రలు అమ్ముకోవడానికి పత్రిక కావలసివచ్చింది. పంతులుగారు పత్రికనూ దాని ద్వారా భాషనూ దేశాన్నీ నిలబెట్టడానికి అమృతాంజనం లాభాలు ధారపోశారు. ఈ తేడాను తక్కువ చేసి చూడడం నాకు ఇష్టం లేదు.

మొదటి సంచిక 16 పేజీలు, 32 బొమ్మలు, వెల ఆరు పెన్నీలు. ముందొక అట్ట, వెనకొక అట్ట తగిలించుకున్న రెండు వందల మంది మనుషులు లండన్ వీధుల్లో దాని రాకను చాటుతూ తిరిగారు. 26 వేల ప్రతులు అమ్ముడుపోయాయి. అందులో ముఖ్యమైన బొమ్మ హాంబర్గ్ నగరంలో అప్పుడే జరిగిన అగ్నిప్రమాదం. చిత్రకారుడెవరూ హాంబర్గ్ వెళ్ళలేదు, వెళ్ళే వ్యవధీ లేదు. బ్రిటిష్ మ్యూజియంలోంచి ఆ ఊరి పాత చిత్రం ఒకటి తీసి నకలు గీశారు. దాని మీద మంటలూ పొగా వేసి, ముందు నదిలో పడవలూ గట్టున చూసే జనమూ చేర్చారు. ప్రపంచంలో మొదటి సచిత్ర వార్తా వారపత్రిక తొలి అడుగు ఇలా కల్పనతోనే పడింది.

తర్వాతి కాలంలో చిత్రకారులు నిజంగానే యుద్ధభూములకూ వరద ప్రాంతాలకూ వెళ్ళారు. వాళ్ళ గీతలు పేజీ మీదికి ఎక్కిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చెక్కడానికి వాడేది బాక్స్‌వుడ్. ఇనుములాంటి గట్టి చెక్క, కానీ మాను సన్నం. పత్రిక పేజీ అంత పలక ఒక్క ముక్కలో దొరకదు. అందుకని చిన్న దిమ్మల్ని కలిపి పలకగా చేసేవారు. 1860 ప్రాంతానికి దిమ్మల వెనక బోల్టులు బిగించే పద్ధతి స్థిరపడింది. చిత్రకారుడు పలక మీద బొమ్మను కుడి ఎడమలు తారుమారు చేసి గీస్తాడు. గీత పూర్తికాగానే బోల్టులు విప్పి దిమ్మలు పంచేస్తారు. ఒకరికి ఆకాశం, ఒకరికి చెట్లు, ఒకరికి గుంపు, చేయి తిరిగిన వాళ్ళకి ముఖాలు. దీపం ముందు నీళ్ళు నింపిన గాజు గోళం పెట్టి, ఆ వెలుగు బొట్టు దిమ్మ మీద పడేట్టు చూసుకుని, తెల్లవార్లూ చెక్కేవారు. పొద్దున్నే దిమ్మల్ని మళ్ళీ బిగిస్తే, అతుకుల దగ్గర గీతకు గీత కలపడం పెద్ద మేస్త్రీ పని. ఆ కాలపు పెద్ద బొమ్మల్ని కాస్త దగ్గరగా చూడండి. నిలువునా అడ్డంగా సన్నని తెల్లగీతలు కనబడతాయి. రెండు దిమ్మలు సరిగా అతకని చోట్లు అవి. బొమ్మ కింద చిత్రకారుడి పేరు ఉంటుంది, పని పెట్టించిన కంపెనీ పేరూ ఉంటుంది. రాత్రంతా కళ్ళు పొడుచుకుని ఆకాశం చెక్కిన కుర్రాడి పేరు ఎక్కడా ఉండదు.

బుధవారం భోజనాలు

పంచ్‌కి పునాది వేసినవాళ్ళలో ముఖ్యులు ముగ్గురు: రచయిత హెన్రీ మేహ్యూ, చెక్క అచ్చు పనివాడు ఎబెనెజర్ లాండెల్స్, నాటకాలు రాసే మార్క్ లెమన్. పారిస్‌లో రాజును ఎద్దేవా చేసిన 'షారివారీ' పత్రిక వాళ్ళకి ఆదర్శం. పేరు మాత్రం ఇంగ్లండ్ వీధుల్లో ఆడే తోలుబొమ్మలాంటి ఆటలోని పెద్ద ముక్కు పాత్రది. వెల మూడు పెన్నీలు. మొదటి నెలల్లో డబ్బు లేక అల్లాడి, 1842లో బ్రాడ్‌బరీ ఎవాన్స్ అనే ముద్రాపకుల చేతిలో పడ్డాక ఊపిరి పీల్చుకుంది.

మొదట్లో పంచ్‌కి కోపం ఉండేది. నాకు ఆ పంచ్ అంటేనే ఇష్టం. 1843లో కొత్త పార్లమెంటు భవనం గోడలకు వెయ్యబోయే చిత్రాల నమూనాలను వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో ప్రదర్శనకు పెట్టారు. దాని మీద పంచ్ చిత్రకారుడు జాన్ లీచ్ ఒక బొమ్మ గీశాడు. గోడల నిండా దర్జా మనుషుల పటాలు. వాటి ముందు చినిగిన బట్టలతో, ఊతకర్రలతో, ఆకలితో నిలబడ్డ పేదలు. రొట్టె అడిగినవాళ్ళకి ప్రభుత్వం చిత్రప్రదర్శన చూపిస్తోందన్నమాట. నమూనా చిత్రాలను అప్పట్లో 'కార్టూన్' అనేవారు. పంచ్ తన బొమ్మకూ అదే పేరు పెట్టింది, ఆ పేరే ప్రపంచమంతా స్థిరపడిపోయింది. అదే ఏడాది క్రిస్మస్ సంచికలో చొక్కాలు కుట్టే పేదరాలి మీద థామస్ హుడ్ రాసిన పాట అచ్చయి ఊరూ వాడా మారుమోగింది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వేడి తగ్గింది. ప్రతి బుధవారం సాయంత్రం యజమానులూ సంపాదకుడూ చిత్రకారులూ రచయితలూ ఒక బల్ల చుట్టూ భోజనానికి చేరేవారు. ఆ బల్ల చెక్క మీద తమ పేర్ల పొడి అక్షరాలు చెక్కుకోవడం అక్కడి ఆచారం. నవలాకారుడు థాకరే అక్షరాలూ అందులో ఉన్నాయి. భోంచేసి చుట్టలు వెలిగించాక వచ్చేవారం పెద్ద బొమ్మ ఏమిటన్నది తేల్చేవారు. ప్రధానమంత్రిని తిట్టాలా, మెచ్చుకోవాలా, రష్యాను ఎలుగుబంటిగా చూపాలా అన్న వాదాలన్నీ అక్కడే. తేలిన విషయాన్ని జాన్ టెన్నియల్ రెండు రోజుల్లో దిమ్మ మీద గీసిస్తే, జోసెఫ్ స్వెయిన్ పనివాళ్ళు ఆదరాబాదరాగా చెక్కేవారు. సిపాయిల తిరుగుబాటు నాడు, 1857 ఆగస్టులో, బెంగాల్ పులి మీదికి దూకుతున్న బ్రిటిష్ సింహం బొమ్మ ఇలాగే పుట్టింది. ఆ బొమ్మ లండన్ పాఠకుడిలో ప్రతీకారాన్ని రాజేసింది. వీధిలో ఉరికొయ్యలు పాతుతున్న దేశం గురించి, బాగా భోంచేసిన పదిమంది ఒక బల్ల దగ్గర కూర్చుని చేసిన నిర్ణయం అది.

ఎవరి నాలుక, ఎవరి నవ్వు

పాత పంచ్ సంపుటాలు తిరగేస్తే ఇప్పటి పాఠకుడికి మొదట విసుగు పుడుతుంది. బొమ్మ చక్కగా ఉంటుంది, కింద చాంతాడంత సంభాషణ ఉంటుంది. అంతకు ముందు తరంలో గిల్‌రే లాంటి వ్యంగ్య చిత్రకారులు మనిషి నోట్లోంచి బుడగలా మాట పైకి లేస్తున్నట్టు గీసేవారు. విక్టోరియా కాలం పెద్దమనిషికి అది మోటుగా తోచింది. మాటలు బొమ్మలోంచి దిగి కిందికొచ్చి, నాటకంలోలా పాత్ర పేరు, ఆమె ముఖకవళిక, ఆ తర్వాత ఆమె మాట అని వరస కట్టాయి. అప్పటివాళ్ళు దాన్ని ఇంట్లో పదిమందికీ పైకి చదివి వినిపించుకునేవారు. నవ్వంతా ఉచ్చారణలో ఉంది.

ముఖ్యంగా ఒకే ఒక్క అక్షరంలో. లండన్ మామూలు జనం మాట మొదట్లోని హకారాన్ని మింగేస్తారు. 'హౌస్' వాళ్ళ నోట్లో 'ఔస్' అవుతుంది. గొప్పగా మాట్లాడాలని తంటాలు పడినప్పుడు అక్కర్లేని చోట హకారం వచ్చి కూర్చుంటుంది. పంచ్ ఈ గని తవ్వి తవ్వి యాభై ఏళ్ళు బతికింది. లండన్‌ని కలరా పదేపదే వణికిస్తున్న రోజుల్లో వచ్చిన బొమ్మ ఒకటి చూడండి. క్షురకుడు ఒకాయన తల దువ్వుతూ, కలరా 'హెయిర్'లో ఉందంటున్నారండీ అంటాడు. అతను చెప్పాలనుకున్నది 'ఎయిర్', అంటే గాలి. కుర్చీలో ఉన్నాయన ఉలిక్కిపడి, మరి నువ్వు బ్రష్షుల విషయంలో జాగ్రత్తగా ఉంటావు కదా అని అడుగుతాడు. అబ్బే, తలమీది 'ఎయిర్' కాదండీ, ఆకాశంలోని 'హెయిర్' అని క్షురకుడు సర్దిచెప్తాడు.

నవ్వొస్తుంది, నిజమే. ఈ నవ్వు ఎవరిదో కూడా చూడాలి. మూడు పెన్నీలు పెట్టి పంచ్ కొనేది వకీలు, గుమస్తా, దుకాణం యజమాని, రైల్వేలో కొత్తగా పెద్ద ఉద్యోగం దొరికినవాడు. 1848లో యూస్టన్ స్టేషన్లో డబ్ల్యూ.హెచ్. స్మిత్ పుస్తకాల దుకాణం తెరిచాక రైలెక్కే ప్రతివాడూ ఒక పత్రిక చేతిలో పెట్టుకుని ఎక్కడం మొదలైంది. వీళ్ళలో చాలామంది తాతలు హకారం మింగినవాళ్ళే. తమ నోట్లోనూ ఎప్పుడైనా జారిపోతుందేమో అన్న భయం వీళ్ళని వెంటాడేది. 1854లో ఆ ఒక్క అక్షరం సరిగ్గా పలకడం నేర్పే చిన్న పుస్తకం వెలువడిందంటే ఆ భయం ఎంతటిదో ఊహించుకోవచ్చు. క్షురకుడి మాటకు నవ్విన ప్రతిసారీ, 'నేను అతనిలాంటివాణ్ణి కాదు' అని ఆ పాఠకుడు తనకు తాను చెప్పుకున్నాడు.

ఈ వరసలోనే మిగతావాళ్ళూ వచ్చారు. యజమానురాలి మోస్తరు గౌను వేసుకున్న పనిపిల్లల మీద లీచ్ పుంఖానుపుంఖాలుగా బొమ్మలు వేశాడు. 1868లో చార్లెస్ కీన్ గీసిన స్కాట్లండ్ పెద్దమనిషి, లండన్‌లో దిగి రెండు గంటలు కాకముందే ఆరు పెన్నీలు టప్పున ఖర్చయిపోయాయని స్నేహితుడితో వాపోతాడు. స్కాట్లండ్ వాళ్ళ పొదుపు మీద జోకులకు అది తిరుగులేని నమూనా అయింది. కీన్ చేతిలో గీత అద్భుతమైనది. పంచ్ చిత్రకారులందరిలో అతనికే నేను మొదటి పీట వేస్తాను. జోకులు మాత్రం ఎక్కువగా స్నేహితుడు జోసెఫ్ క్రాహాల్ అందించేవాడు. ఐర్లండ్ వాళ్ళ విషయంలో మాత్రం ఈ నవ్వు విషమైపోయింది. టెన్నియల్ వాళ్ళను కోతి దవడలతో గీశాడు. ఆ దేశం 1840ల కరువులో లక్షలమందిని పోగొట్టుకుని ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. 1870ల్లో ఇ.జె. మిలికెన్ సృష్టించిన 'ఆరీ' వచ్చాడు. హ్యారీ అన్న పేరే హకారం పోగొట్టుకుని ఆరీ అయింది. సెలవు రోజున సముద్రతీరాన కేకలు పెట్టే గుమాస్తా కుర్రాడు వాడు. వాణ్ణి తిట్టబోయి రాసిన పద్యాల్లో వాడి భాషకున్న ఊపే చివరికి పాఠకుల్ని గెలుచుకుంది.

పంచ్ చిత్రకారుడు జార్జ్ డు మోరియే ఈ బాణాన్ని పైవాళ్ళ వైపు కూడా తిప్పాడు. ఒక కన్ను పోయిన మనిషి, ఉన్న ఒక్క కంటితో ధనికుల విందుగదులను ఇంత నిశితంగా చూసినవాళ్ళు అరుదు. అతని సర్ గోర్జియస్ మిడాస్‌కి కోట్లున్నాయి, గుమ్మానికి నౌకర్లున్నారు, హకారం మాత్రం లేదు. 1895 నవంబరులో వచ్చిన అతని గుడ్డు బొమ్మ మరీ ప్రసిద్ధం. బిషప్ ఇంట్లో ఫలహారం చేస్తున్న కుర్ర పాదిరీకి కుళ్ళిన గుడ్డు వస్తుంది. అయ్యో, మీకు చెడిపోయిన గుడ్డు వచ్చినట్టుందే అంటాడు బిషప్. అబ్బే లేదండీ, అందులో కొన్ని భాగాలు బ్రహ్మాండంగా ఉన్నాయి అంటాడు ఆ కుర్రాడు. తన పైవాడి ముందు నాలుక ఎలా మెలికలు తిరుగుతుందో ఇంతకంటే చక్కగా చెప్పినవాళ్ళు లేరు.

ఇక్కడ పంచ్ కన్నతండ్రుల్లో ఒకడైన మేహ్యూ ఏమయ్యాడో చెప్పాలి. పత్రికలోంచి నెమ్మదిగా పక్కకు తప్పించబడ్డాడు, 1847లో దివాలా తీశాడు. 1849లో 'మార్నింగ్ క్రానికల్' దినపత్రిక తరఫున లండన్ పేటల్లోకి వెళ్ళి, తోపుడుబళ్ళ వాళ్ళనీ చెత్త ఏరుకునేవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడించాడు. కూరగాయలమ్మే వాళ్ళు పోలీసులకు అర్థం కాకుండా మాటల్ని వెనక నుంచి ముందుకు తిప్పి పలికేవారట. వాళ్ళ మధ్య 'లుక్' అన్న మాట 'కూల్' అయ్యేది. అదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. ఎనిమిదేళ్ళ ఆకుకూరల పిల్ల ఒకతె అతనికి తారసపడింది. చలికాలంలో పల్చటి నూలు గౌను, మీద చిరిగిన శాలువా. ఆటవస్తువుల గురించి కదిపితే ఆ పిల్ల విస్తుపోయి చూసింది. తాను చిన్నపిల్లని కాననీ, ఇరవై వచ్చేదాకా పెద్దదాన్నీ కాననీ చెప్పింది. ఆ పిల్ల మాట్లాడిన భాష పంచ్ బొమ్మల కింద నవ్వులు పూయించిన భాషే. మేహ్యూ దాన్ని ఆమె యాసలోనే అచ్చు వేయించాడు, ఎవరూ నవ్వలేదు. ఒకే మనిషి ఈ రెండు పనులూ మొదలుపెట్టాడన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

దేశదిమ్మరి ఇచ్చిన కితాబు

హకారం సంగతి అలా ఉంచి ప్రకటనల వైపు వద్దాం. 1853లో ప్రకటనల మీద పన్ను పోయింది, 1855లో పత్రికల స్టాంపు పన్ను, 1861లో కాగితం సుంకం. అప్పటిదాకా చిన్న అక్షరాల్లో బిక్కుబిక్కుమంటూ ఉన్న ప్రకటనలకు రెక్కలొచ్చాయి. మాత్రల వ్యాపారి థామస్ హాలోవే తన ప్రకటనల ద్వారా కోట్లు గడించి, ఆ డబ్బుతో ఆడపిల్లల కాలేజీ కట్టించాడు. 1886లో దాన్ని విక్టోరియా రాణి వచ్చి ప్రారంభించింది. పత్రికల్లో ఈ ప్రకటనలు ఎక్కువగా పై అట్టల మీదా, ముందూ వెనకా అదనపు పేజీల్లోనూ ఉండేవి. ఏడాది చివర సంపుటంగా బైండు చేయించేటప్పుడు గ్రంథాలయాల వాళ్ళు అవి చింపి పారేశారు. అందుకే ఈనాడు పాత సంపుటాలు తెరిస్తే పంచ్ ఏదో జోకుల మీదే బతికినట్టు కనబడుతుంది.

ఆ కాలపు ప్రకటనలకు రారాజు థామస్ బారట్. ఆండ్రూ పియర్స్ 1789లో లండన్ సోహోలో మొదలుపెట్టిన పారదర్శక సబ్బు కంపెనీలో 1865లో చేరాడు, యజమాని కూతురిని పెళ్ళాడాడు. అంతవరకూ నామమాత్రంగా ఉన్న ప్రకటనల ఖర్చును ఏడాదికి లక్ష పౌండ్ల దాకా తీసుకెళ్ళాడు. మామగారు హడలిపోయి వ్యాపారంలోంచి తప్పుకున్నారు. ఫ్రాన్సు రాగి నాణేలు ఇంగ్లండ్‌లో పెన్నీగా చెల్లుతాయని కనిపెట్టి, రెండున్నర లక్షల నాణేలు తెప్పించి, ఒక్కొక్కదాని మీదా 'పియర్స్' అని గుద్దించి బజారులో వదిలాడు. ప్రభుత్వం కలగజేసుకుని ఆ నాణేలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. శుభోదయం చెప్పి, వెంటనే పియర్స్ సబ్బు వాడారా అని అడిగే ప్రకటనతో గోడలన్నీ నింపేశాడు. దాంతో ఇద్దరు స్నేహితులు పొద్దున్నే ఎదురుపడి 'గుడ్ మార్నింగ్' అనుకోవాలంటే సిగ్గుపడే పరిస్థితి వచ్చిందని ఆనాటివాళ్ళు వాపోయారు. జనం నాలుక మీది పలకరింపును కూడా సబ్బు ఆక్రమించుకుంది.

ప్రసిద్ధ సుందరి, నటి లిల్లీ లాంగ్‌ట్రీ చేత బారట్ ఒక కితాబు రాయించి అచ్చు వేశాడు. పియర్స్ వాడడం మొదలుపెట్టాక మిగతా సబ్బులన్నీ మానేశానన్నది దాని సారం. ఇది పంచ్ కళ్ళబడకుండా ఉంటుందా! 1884 ఏప్రిల్ 26 సంచికలో హ్యారీ ఫర్నిస్ బొమ్మ వచ్చింది. మాసిన గడ్డం, చింపిరి జుట్టు, ఏళ్ళ తరబడి నీళ్ళ మొహం చూడని దేశదిమ్మరి ఒకడు బల్ల దగ్గర కూర్చుని కలం పట్టుకుని కంపెనీకి కితాబు రాస్తున్నాడు: రెండేళ్ళ క్రితం మీ సబ్బు వాడాను, అప్పటినుంచీ ఇంకే సబ్బూ వాడలేదు.

లాంగ్‌ట్రీ మీదా, కితాబుల మోజు మీదా, బారట్ మీదా ఒకేసారి పడ్డ దెబ్బ అది. మరొకడైతే కోర్టుకు వెళ్ళేవాడు. బారట్ ఆ బొమ్మ హక్కులు కొనేసి, దాన్నే పియర్స్ ప్రకటనగా వేయించాడు. లాంగ్‌ట్రీ కితాబు చూసినవాళ్ళ కంటే ఈ మురికి మనిషి కితాబును గుర్తుపెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. ఎగతాళి సైతం అమ్మకానికి పనికొస్తుందని ప్రకటనల లోకం ఆనాడు తెలుసుకుంది.

బొమ్మల పత్రికల చరిత్రలో ఇది పెద్ద మలుపని నా అభిప్రాయం. ఆ దేశదిమ్మరి మీద నవ్విన పాఠకుడే మర్నాడు సబ్బు కొన్నాడు. హకారం మింగినవాణ్ణి చూసి నవ్వించిన భయమే, ఒంటి మీద మురికి ఎవరైనా చూస్తారేమో అన్న భయంగా మారి డబ్బాలు అమ్మింది. జోకు వేసినవాడూ సరుకు అమ్మినవాడూ ఒకే ఇంటి తలుపు తట్టారు.

మరో మూడేళ్ళకు చిత్రకళ కూడా ఆ గుమ్మంలోకే వచ్చింది. చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే తన చిన్నారి మనవణ్ణి కూర్చోబెట్టి, సబ్బు నీళ్ళ బుడగలు ఊదుతున్నట్టు చిత్రించాడు. దాన్ని ఇంగ్రామ్ కొడుకు సర్ విలియం కొని, 1887 క్రిస్మస్‌కి ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌తోపాటు రంగుల బొమ్మగా ఇచ్చాడు. బారట్ 2,200 పౌండ్లు పోసి ఆ చిత్రాన్ని సర్ విలియం దగ్గర కొన్నాడు. పిల్లవాడి పాదాల దగ్గర ఒక పియర్స్ సబ్బు బిళ్ళ చేర్పించి దేశమంతా అంటించాడు. మిలే మొదట మండిపడ్డాడు. హక్కులు చేతిలో లేవు కాబట్టి చెయ్యగలిగిందేమీ లేదు.

ఈ సబ్బు కథలో మనం కళ్ళు మూసుకుని దాటలేని పేజీలు కూడా ఉన్నాయి. 1884 క్రిస్మస్‌కి 'గ్రాఫిక్' పత్రికలో వచ్చిన పియర్స్ ప్రకటనలో నల్లజాతి పిల్లవాడికి తెల్లపిల్లవాడు స్నానం చేయిస్తాడు. రెండో బొమ్మలో ఆ పిల్లవాడి ఒళ్ళు మెడ దాకా తెల్లబడిపోయి ఉంటుంది. 1887 ఆగస్టులో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో వచ్చిన మరో ప్రకటనలో సూడాన్ కొండరాతి మీద పియర్స్ సబ్బే మేలైనదని రాసి ఉంటుంది, ఈటెలు పట్టుకున్న స్థానికులు దాని ముందు విస్తుపోయి నిలబడి ఉంటారు. సామ్రాజ్యం అంటే శుభ్రత అనీ, పాలితులంటే మురికి అనీ ఇంటింటి గోడ మీదా పాఠం చెప్పిన బొమ్మలివి. మొదటిదైతే పిల్లలున్న ఇళ్ళల్లోకి పండగ సంచికతోపాటు వెళ్ళింది.

మాట విషయంలోనూ అదే జరిగింది. 1895 నుంచి పంచ్‌లో ఎఫ్. ఆన్స్టీ ధారావాహికగా రాసిన బాబూ జాబర్జీ అనే పాత్ర బెంగాలీ విద్యార్థి. లండన్‌లో బారిస్టరు చదువుతుంటాడు. పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు సందర్భం లేకుండా గుప్పిస్తాడు, సామెతలు తలకిందులు చేస్తాడు. ఒకప్పుడు లండన్ క్షురకుడికి పట్టిన గతే ఇప్పుడు కలకత్తా పట్టభద్రుడికి పట్టింది. ఆ యువకుడికి ఆ భాష నేర్పింది ఎవరు, ఆ భాష రాకపోతే ఉద్యోగం ఇవ్వనన్నది ఎవరు అన్న ప్రశ్నలు ఆ పేజీల్లో ఎక్కడా వినబడవు. ఆన్స్టీకి హాస్యం తెలియక కాదు. చాలాచోట్ల అతని వాక్యం నిజంగానే నవ్విస్తుంది. నవ్వించగలిగినవాడు ఆ నవ్వును ఎటు తిప్పాడన్నదే నా బాధ.

పంచ్ సంచికలు ఓడల్లో బొంబాయికీ కలకత్తాకీ మద్రాసుకీ కూడా వచ్చేవి. క్లబ్బుల్లో దొరలు చదివి పడేస్తే మనవాళ్ళ చేతుల్లోకి వెళ్ళేవి. చదివినవాళ్ళు ఊరుకోలేదు. 1854లోనే బొంబాయి పార్శీలు సొంత పంచ్ పెట్టుకున్నారు. 1877లో లక్నోలో మున్షీ సజ్జాద్ హుసేన్ ఉర్దూలో 'అవధ్ పంచ్' మొదలుపెట్టి, దొరల మీదికే ఆ బాణం ఎక్కుపెట్టాడు. ఇంచుమించు అదే రోజుల్లో రాజమండ్రిలో వివేకవర్ధని పత్రిక నడుపుతున్న వీరేశలింగం పంతులుగారు దానికి తోడుగా 'హాస్యసంజీవని' తెచ్చి, గోదావరి జిల్లా వాళ్ళు మాట్లాడుకునే తెలుగులోనే వకీళ్ళనీ లంచగొండి ఉద్యోగుల్నీ పట్టుకుని ఉతికారు. లండన్ బల్ల మీద పుట్టిన ఆ హాస్యం లక్నో, బొంబాయి, రాజమండ్రి చేరి ఎవరి చేతుల్లో ఎలా మారిందో వచ్చే భాగంలో చూద్దాం.